బాటిల్ ఫర్ వెస్నోత్: ఒక్కో సిపాయినీ చేత్తో నడిపే ఆట

రాజ్యాలు కట్టి యుద్ధాలు చేసే సివిలైజేషన్ కంప్యూటర్ ఆటలంటే నాకు ఇష్టమే, కానీ సైన్యం పెరిగేసరికి విసుగొస్తుంది. 2010లో వచ్చిన ఐదో భాగంలో ఒక గడిలో ఒకే పోరాట యూనిట్ (సైన్యంలో ఒక పావు) ఉండాలనే రూల్ పెట్టారు. ముందున్నవాడు కదిలితే గానీ వెనకవాడికి దారి దొరకదు. ఆట చివరికొచ్చేసరికి టర్న్ (మన వంతు) అంతా ట్రాఫిక్ సర్దడానికే సరిపోతుంది. అందుకే ఏళ్ళ తరబడి నా పాత సిస్టమ్‌లో నిలిచిపోయిన ఆట వెస్నోత్. 2003లో మొదలైన ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ఆట ఇది, వంతులవారీగా సైన్యాల్ని నడిపి గెలవాలి, కంప్యూటర్‌లో పూర్తిగా ఉచితం.

ఇందులోనూ ప్రతి యూనిట్‌నీ మనమే నడపాలి. అయినా విసుగు రాదు, ఎందుకంటే ప్రతి కదలికలోనూ ఆలోచించాల్సింది ఉంటుంది.

ఒక టర్న్ చెబుతాను. ఎదురుగా ఓర్కిష్ గ్రంట్ ఉన్నాడు, అంటే ఓర్క్ అనే రాక్షసజాతి సిపాయి. వాడి కత్తి దెబ్బ 9. రాత్రయితే ఓర్క్‌లకి పాతిక శాతం బలం పెరుగుతుంది కాబట్టి అదే దెబ్బ 11, పగలయితే 7. వాడి దగ్గర విల్లు లేదు. కాబట్టి ముందు విలుకాడితో కొట్టిస్తే తిరిగి దెబ్బ తగలదు. తర్వాత మేజ్, అంటే మంత్రగాడు. వాడి మంత్రం శత్రువు ఏ నేల మీద ఉన్నా 70 శాతం తగులుతుంది. గ్రంట్‌ని మేజే చంపితే 8 ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) వస్తుంది, పై లెవెల్ అయిన వైట్ మేజ్ కావడానికి అంత దగ్గరవుతాడు. ఈటెవాణ్ణి ఎక్కడ నిలబెట్టాలన్నది ఇంకో లెక్క. ఊళ్ళో నిలబడితే శత్రువు దెబ్బ తగిలే అవకాశం 40 శాతమే, బురదలో నిలబడితే 80. ఈ క్రమంలో ఒక్కటి తారుమారైనా ఫలితం మారిపోతుంది. నా దృష్టిలో మైక్రోమేనేజ్‌మెంట్, అంటే ఒక్కొక్కణ్ణీ మనమే నడపడం, ఇలా ఉండాలి.

సైన్యం అదుపులో ఉండటానికి కారణం డబ్బు. ప్రతి యూనిట్‌కీ దాని లెవెల్‌ని బట్టి జీతం ఇవ్వాలి, మన చేతిలో ఉన్న ఒక్కో ఊరూ ఒక్కో లెవెల్ భారం మోస్తుంది. ఊళ్ళకి మించి సిపాయిల్ని తీసుకుంటే ఖజానా ఖాళీ. అందుకని ఉన్న కొద్దిమంది పేర్లూ గుర్తుండిపోతాయి. చచ్చినవాడు తర్వాతి యుద్ధానికి తిరిగిరాడు కూడా.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బోర్డర్ అవతల ఆంధ్రలోని పాతపట్నం నుంచి మా బావ వస్తే ఒకే కంప్యూటర్ మీద వంతులవారీగా ఆడతాం. ఆయనకి ఎప్పుడూ మనుషుల సైన్యమే కావాలి, నాకు ఓర్క్‌లు. నేను పగలంతా వెనక్కి తగ్గుతుంటే, "ఏట్రా, సీకటి పడితే గానీ కదలవా?" అంటాడు. "ఉండు బావా, రెండు టర్న్‌లే" అంటాను. ఎండాకాలం సాయంత్రాలు గాలివాన వచ్చి కరెంటు పోయినా మాకు టెన్షన్ లేదు. టర్న్ మొదట్లో ఆట తనంతట తానే సేవ్ అయిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. పెద్ద మ్యాపుల్లో వెనకటి యుద్ధంలో బతికి, మళ్ళీ కోట దగ్గరికి పిలిపించుకున్న పాత సిపాయిని యుద్ధం దాకా నడిపించడం ఉత్త చాకిరీ. దూరంగా గమ్యం పెట్టి వదిలేయవచ్చు గానీ, దారిలో శత్రువు వచ్చినా వాడు జాగ్రత్తపడడు, మళ్ళీ మనమే చూసుకోవాలి. దెబ్బల్లో అదృష్టం పాలు కూడా ఎక్కువే. 70 శాతం మంత్రం వరసగా మూడుసార్లూ తప్పడం నూటికి మూడుసార్లు కూడా జరగదు, కానీ జరిగినప్పుడు ఒక మంచి సిపాయి పోతాడు. కంప్యూటర్ ప్రత్యర్థికి వెనక్కి తగ్గడం సరిగ్గా రాదు. రాత్రి బలంతో వచ్చినవాడు తెల్లారాక కూడా మీద పడుతూనే ఉంటాడు. కొన్నాళ్ళకి అది తెలిసిపోయి ఆ గెలుపులో రుచి తగ్గుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఆటలోనే ఉన్న సౌత్ గార్డ్ అనే కథతో మొదలుపెట్టండి. దాడి చేసే ముందు వచ్చే బాక్స్‌లో డ్యామేజ్ లెక్కలు తెరిచి చూడటం మొదటిరోజు నుంచే అలవాటు చేసుకోండి. ఎవడు బతుకుతాడు, ఎవడికి ఎంత ప్రాణం మిగులుతుంది అనేది శాతాలతో సహా అక్కడే కనిపిస్తుంది.