ఈబర్డ్ యాప్: చెన్నై పళ్లికరణై చిత్తడిలో పిట్టలు లెక్కపెట్టేవాళ్లకి

పైసా ఖర్చులేని యాప్. అమెరికాలో పక్షుల మీద పరిశోధన చేసే కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ వాళ్లది. ఈబర్డ్ వెబ్‌సైటుగా 2002 నుంచి నడుస్తోంది, యాప్ తర్వాత వచ్చింది. పేరు తెలియని పిట్టని ఇది గుర్తుపట్టి చెప్పదు. ఆ పనికి వాళ్లదే మెర్లిన్ అనే ఇంకో యాప్ ఉంది. ఈబర్డ్ ఉత్త లెక్కల పుస్తకం.

దీని ప్రాణమంతా లిస్టు పంపేముందు అడిగే ప్రశ్నలో ఉంది: చూసినవీ, కూత విన్నవీ, గుర్తుపట్టినవన్నీ రాశారా? ‘అవును’ అంటే, లిస్టులో లేని పిట్ట మీకు ఆ గంటలో దొరకలేదని లెక్క. కాకుల్ని వదిలేసి ఫ్లెమింగోలు మాత్రం రాసి ‘అవును’ నొక్కితే, పళ్లికరణైలో ఆ పూట కాకే కనిపించలేదని రాసిచ్చినట్టే. ఏరి రాసిన రోజు ‘కాదు’ అనండి, తప్పేం లేదు. మన దేశపు పక్షుల స్థితి మీద 2023లో వచ్చిన నివేదిక 942 జాతులను పరిశీలించింది ఈబర్డ్ లిస్టులతోనే.

మన పక్షుల పేర్లుండే ఇండియా ప్యాక్ ఇంట్లో వైఫై మీదే దించుకోండి. తొరైపాక్కం రేడియల్ రోడ్డు ఫుట్‌పాత్ మీద నిలబడ్డాక స్టార్ట్ నొక్కి, బస్సెక్కేముందు ఆపండి. మరిచిపోతే బస్సు తిరిగిన దూరం కూడా నడకలో కలుస్తుంది, చేత్తో దిద్దుకోవాలి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే జీపీఎస్ మధ్యలో నిద్రపోయి, వంకర దారి సూటిగీతై దూరం తగ్గిపోతుంది. గంటకో కొత్త లిస్టు మేలు. నాలుగు గంటలది ఒకటే అయితే ఏ పిట్ట ఏ మూల కనిపించిందో తేలదు.

గుంపు వాలితే ముందు పదింటిని లెక్కపెట్టండి, అవి ఆక్రమించిన జాగా లాంటివి గుంపులో ఎన్నున్నాయో చూసి హెచ్చవేయండి. అంకెకి బదులు ‘ఎక్స్’ పెట్టొచ్చు, కానీ అందులోంచి సంఖ్య ఎవరూ తీయలేరు. దూరాన తెల్లకొంగ చిన్నదో మధ్యరకమో తేలకపోతే ‘ఎగ్రెట్ ఎస్పీ’ (ఏదో ఒక కొంగ, జాతి తేలలేదు) అని రాయండి. ఊహించి జాతి పేరు పెట్టొద్దు. అరుదైనది రాస్తే, ఈబర్డ్ తరఫున లిస్టులు సరిచూసే రివ్యూయర్ ఆరా తీస్తారు. ముక్కు, కాళ్ల రంగు, కూత చెప్పాలి, ‘బాగా చూశాను’ అంటే చాలదు.

పులికాట్‌లో ఒక మెలిక: సరస్సు రెండు రాష్ట్రాలది. తడ వైపు వచ్చేసరికి తమిళనాడు లిస్టు మూసి, ఆంధ్రాకి కొత్తది తెరవాలి.

లోటు ఏమిటంటే, నీటి లోతు, గుర్రపుడెక్క ఎంతమేర అల్లుకుందో రాయడానికి గళ్లు లేవు. కామెంట్లో రాస్తే విశ్లేషణకి అందవు. పెరుంగుడి చెత్తదిబ్బ ఆనుకుని ఉన్న చిత్తడికి, అదీ 2022లో రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడిగా) వచ్చినదానికి, ఇది చిన్న లోటు కాదు. విడిగా నోటుపుస్తకం పెట్టుకుని, ప్రతి పేజీ మీద ఈబర్డ్ లిస్టు నంబరు వేసుకోండి.