ఆముదం తాగిన గేర్‌బాక్స్: మినెసోటా చలిలో ఐదేళ్ళ వాడకం

2020 ఆగస్టులో షోరూమ్ నుంచి తెచ్చుకున్న బండి ఇది. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 8 గేర్ల ఆటోమేటిక్, ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ. ఇవాళ్టికి 57,400 మైళ్ళు తిరిగింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. మా కాంప్లెక్స్‌లో ఇంకో ఇద్దరు తెలుగువాళ్ళవి వేరే కంపెనీల బళ్ళు, డిసెంబర్ వస్తే ముగ్గురిదీ ఒకటే ఏడుపు. నాకు గరాజ్ లేదు. బండి రాత్రంతా ఆకాశం కిందే ఉంటుంది. మిగతాదంతా చదివేటప్పుడు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

ఎండాకాలంలో టెస్ట్ డ్రైవ్ చేసి కొనడం నా మొదటి తప్పు. ఆగస్టులో గేరు మారిందో లేదో కూడా తెలియలేదు, అంత మెత్తగా పోయింది. డిసెంబర్‌లో ఒక పొద్దున సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్. స్టార్ట్ చేసి రివర్స్ వేశాను. రెండు సెకన్లు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఒక్క కుదుపు. రోడ్డెక్కాక రెండో గేరులోంచి మూడోదానికి వెళ్ళనంటుంది. 3,000 ఆర్‌పీఎం దాకా గీపెట్టి అప్పుడు మారింది, అదీ కొత్తగా నేర్చుకునేవాడు క్లచ్ వదిలినట్టు. సిగ్నల్ దగ్గర ఆగబోతుంటే కింది గేరుకు దిగుతూ మళ్ళీ ఒక దెబ్బ. పావుగంట నడిచాక ఏమీ ఎరగనట్టు ఆగస్టు నాటి బండి అయిపోయింది.

ఎందుకిలా అని తవ్వితే తేలింది ఇది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పనంతా ఆయిల్‌దే. పంపు ఆయిల్‌ని ఒత్తిడితో తోస్తే లోపల క్లచ్‌లు పట్టుకుంటాయి, వదుల్తాయి. బయల్దేరేటప్పుడు ఇంజన్ తిప్పుడు చక్రాలకు చేరేది ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ ద్వారానే. మామూలుగా 80-90 సెల్సియస్ దగ్గర నీళ్ళలా పారే ఆ ఆయిల్ మైనస్ ఇరవైలో ఆముదం అయిపోతుంది. క్లచ్‌లోకి నిండాల్సింది ఆలస్యంగా నిండుతుంది, అందుకే ఆ రెండు సెకన్ల మౌనం, ఆ తర్వాతి తన్ను. మిగతా సగం కంప్యూటర్ కావాలని చేసేదే. ఆయిల్ చల్లగా ఉందని దానికి తెలుసు. గేర్లు ఆలస్యంగా మారుస్తుంది, టార్క్ కన్వర్టర్‌ని లాక్ చెయ్యదు (అంటే దాని లోపలి క్లచ్‌తో ఇంజన్‌ని గేర్‌బాక్స్‌కి నేరుగా కలపదు), పై గేర్లు ఇవ్వదు. ఇంజన్, సైలెన్సర్ వైపు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ త్వరగా వేడెక్కాలని దాని ఆరాటం. డీలర్ దగ్గర "బండి తీరే అంత" అన్నారు. మొదటి ఏడాది ఆ మాట నమ్మాను, ఆ ఏడాదికి అది నిజం కూడా.

మా ఆవిడది 2009 నాటి సెడాన్, 5 గేర్ల ఆటోమేటిక్. 2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 33 సెల్సియస్ పడింది. ఆ రోజు కూడా అది మూలిగిందేగానీ తన్నలేదు. దానికి గేర్లు తక్కువ, మార్పులు తక్కువ, మైలేజీ కోసం తొందరపడే తత్వం లేదు. కొత్తవాటిలో పెట్రోల్ పొదుపు కోసం 8, 9, 10 గేర్లు పెట్టారు, వీలైనంత ముందుగా కన్వర్టర్ లాక్ చేస్తారు. ఎన్ని మార్పులుంటే చలికి అన్నిచోట్ల తడబాటు. డిసెంబర్ నుంచి మార్చి దాకా మా ఇంట్లో రోజూ వినపడే మాట: "ఏవండీ, మీ బండి లేచిందా, ఇంకా ముసుగుతన్ని పడుకుందా?"

రెండో చలికాలంలో ఒక బ్లూటూత్ ఓబీడీ రీడర్ కొన్నాను, బండికి తగిలిస్తే దాని కంప్యూటర్ లెక్కలు ఫోన్‌లో చూపించేది. ఇరవై డాలర్ల వస్తువు, ఈ ఐదేళ్ళలో బండి మీద పెట్టిన ఖర్చుల్లో అంత పనికొచ్చింది ఇంకోటి లేదు. నా బండిలో గేర్‌బాక్స్ ఆయిల్ వేడి ఫోన్‌లో కనపడుతుంది. మైనస్ 20 సెల్సియస్ ఉన్న పొద్దున రిమోట్ స్టార్ట్ చేసి పది నిమిషాలు వదిలేస్తే, లోపల హీటర్ వెచ్చగా, సీటు వెచ్చగా, గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం ఇంకా మైనస్ 6. పార్కులో నిలబడ్డ బండిలో గేర్‌బాక్స్‌కి పనే లేదు, వేడి ఎక్కడినుంచి వస్తుంది? అదే మూడు నిమిషాలు ఆగి నెమ్మదిగా బయల్దేరితే పన్నెండు నిమిషాల్లో 30 దాటేది. 30 దాటాక కుదుపులు మాయం. ఆ రోజు నుంచి పది నిమిషాల రిమోట్ స్టార్ట్ మానేశాను.

ఇంకో అలవాటు కూడా దాన్నుంచే వచ్చింది. చల్లగా స్టార్ట్ అయినప్పుడు ఇంజన్ 1,500 ఆర్‌పీఎం మీద అరుస్తుంటుంది. అప్పుడే గేరు వేస్తే తన్ను ఖాయం. వెయ్యి దగ్గరికి దిగేదాకా ఆగి, బ్రేక్ గట్టిగా తొక్కి రివర్స్ వెయ్యాలి, బండి పూర్తిగా ఆగాకే డ్రైవ్‌లోకి మార్చాలి. స్పోర్ట్ మోడ్, స్టీరింగ్ వెనక గేర్లు మార్చే ప్యాడిల్ షిఫ్టర్లు అన్నీ ప్రయత్నించాను. చలిలో పై గేరు అడిగితే కంప్యూటర్ ఇవ్వనంటుంది, మన మాట దానికి లెక్కలేదు.

అసలు కథ మూడో చలికాలంలో. 2023 ఫిబ్రవరి. హైవే ఎక్కేముందు 40 మైళ్ళ వేగంలో, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి వెళ్తుంటే, రోడ్డు అంచున గీతల మీద ఎక్కినట్టు బండి అంతా గడగడ. ఆయిల్ 75 సెల్సియస్ ఉంది, అంటే చలి సాకు చెల్లదు. ఇది తీరు కాదు, జబ్బు. కన్వర్టర్ క్లచ్ పట్టీ పట్టక జారుతోందన్నమాట. డీలర్ దగ్గరికి వెళ్తే వెచ్చటి షెడ్డులో రెండు గంటలు ఉంచి, ఒక రౌండ్ తిప్పి, "మాకేమీ కనపడలేదు" అని కాగితం ఇచ్చారు. రెండోసారి నేను తెలివి తెచ్చుకున్నాను. ముందురోజు సాయంత్రమే బండి వాళ్ళ లాట్‌లో బయట వదిలి, పొద్దున ఏడింటికి మెకానిక్‌ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని నేనే నడిపాను. మొదటి రివర్స్ తన్నుకే ఆయన తలూపాడు. ఆ గడగడ మీద కంపెనీ ఎప్పుడో సర్వీస్ బులెటిన్, అంటే డీలర్లకు పంపే రిపేరు సూచన, ఇచ్చిందని అప్పుడు చెప్పారు. అలాంటి బులెటిన్లు ఫెడరల్ హైవే ట్రాఫిక్ భద్రతా సంస్థ, అదే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. నాకు ఆ సంగతి ముందే తెలిస్తే ఒక ట్రిప్పు తగ్గేది.

పాత ఆయిల్ మొత్తం కడిగి కొత్త రకం పోశారు, కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. వారంటీ కింద ఉచితం. అదే నెల బ్యాటరీ కూడా మార్చాను. చలికి బ్యాటరీ నీరసపడితే వోల్టేజ్ పడి గేర్‌బాక్స్ సోలెనాయిడ్లు, అంటే ఆయిల్ దారులు తెరిచి మూసే కరెంటు మీటలు, పిచ్చిగా ప్రవర్తించవచ్చు. ఏది ఎంత మేలు చేసిందో అందుకే విడదీసి చెప్పలేను. మొదటి వారం మాత్రం ముందుకంటే ఘోరంగా నడిచింది. తిట్టుకుంటూ ఫోన్ చేస్తే, కంప్యూటర్ నేర్చుకున్నదంతా చెరిపేశాం కదా, మళ్ళీ మీ నడక నేర్చుకుంటుంది అన్నారు. రెండు వందల మైళ్ళకి కుదురుకుంది.

మరుసటి చలికాలం ఒక్క తన్ను లేదు. జబ్బు తగ్గిందని అందరికీ చెప్పుకున్నాను. తీరా చూస్తే 2023-24 చలికాలం ఇక్కడి రికార్డుల్లోనే అతి వెచ్చనిదట, మంచే సరిగ్గా పడలేదు! అసలు పరీక్ష 2025 జనవరిలో జరిగింది. గడగడ మళ్ళీ రాలేదు, మార్కులు ఇవ్వాల్సిందే. రివర్స్ ఆలస్యం రెండు సెకన్ల నుంచి ఒకటికి తగ్గింది. రెండు నుంచి మూడుకి ఆ గీపెట్టడం మాత్రం అలాగే ఉంది, ఉంటుంది కూడా.

కాబట్టి నా లెక్క ఇది: మొదటి పావుగంటలో వచ్చే మొండితనానికి డీలర్ దగ్గరికి పరుగెత్తక్కర్లేదు. వేడెక్కాక వస్తే, లేదా నిరుటికంటే ఈ ఏడు ఎక్కువైతే, వారంటీ ఉండగానే వెళ్ళండి, బండిని రాత్రి బయట వదలండి. ఆయిల్ "జీవితకాలం మార్చక్కర్లేదు" అని మాన్యువల్‌లో రాసినా నేను నమ్మడం లేదు. దీనికి డిప్‌స్టిక్ కూడా లేదు, ఆయిల్ ఒక నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు కింద నుంచి లెవల్ చూడాలి, ఇంట్లో అయ్యే పని కాదు. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ ఇచ్చే పవర్‌ట్రెయిన్ వారంటీ ఐదేళ్ళు లేదా 60,000 మైళ్ళు, ఏది ముందైతే అది. మైళ్ళు మిగిలాయి, ఏళ్ళు ఆగస్టులో అయిపోయాయి. మంచు పడేలోపు సొంత ఖర్చుతో ఆయిల్ మార్పిస్తున్నాను.

మళ్ళీ ఇదే కొంటానా? గరాజ్ ఉంటే కొంటాను. లేకపోతే జనవరిలో టెస్ట్ డ్రైవ్ చేసి, అదీ ఆ రోజు ఎవరూ స్టార్ట్ చెయ్యని బండి అడిగి, అప్పుడు ఆలోచిస్తాను. ఈ నవంబర్ నుంచి మా కాంప్లెక్స్‌లో అండర్‌గ్రౌండ్ పార్కింగ్ ఒకటి ఖాళీ అవుతోంది, నెలకు 85 డాలర్లు. మాట్లాడేశాను. అందులో పెట్టేది నా బండా, మా ఆవిడదా అన్నది ఇంకా తేలలేదు. ఆమె బండికి రిమోట్ స్టార్ట్ లేదు.