డిస్క్ లేకుండా విండోస్ 11: రీసెటా, పెన్‌డ్రైవా?

ల్యాప్‌టాప్‌తో విండోస్ డీవీడీ డిస్క్ రాలేదని కంగారు పడకండి, విండోస్ 11 మళ్లీ ఎక్కించడానికి దాంతో పనే లేదు.

సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి 'రీసెట్ దిస్ పీసీ' నొక్కడం సులువు. కానీ అందులో లోకల్ రీఇన్‌స్టాల్ ఎంచుకుంటే మెషీన్‌లో ఉన్న ఫైళ్లతోనే విండోస్‌ని మళ్లీ కడుతుంది, ఆ ఫైళ్లే పాడైతే రోగం అలాగే ఉంటుంది. ఫైళ్లను నెట్ నుంచి కొత్తగా దించుకునే క్లౌడ్ డౌన్‌లోడ్ నయం, కాకపోతే 4 జీబీకి పైగానే డేటా లాగొచ్చు, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉంటే చూసుకోండి.

పెన్‌డ్రైవ్ పద్ధతికి కాస్త ఓపిక కావాలి. కనీసం 8 జీబీది తీసుకుని (అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే కాపీ చేసుకోండి), మైక్రోసాఫ్ట్ సైట్‌లోని మీడియా క్రియేషన్ టూల్‌తో తయారు చేసి, దాన్నుంచి బూట్ చేయాలి, అంటే ల్యాప్‌టాప్ ఆ పెన్‌డ్రైవ్‌తోనే మొదలవ్వాలి. కీ అడిగిన చోట 'ఐ డోంట్ హ్యావ్ ఎ ప్రొడక్ట్ కీ' నొక్కి, ఇదివరకున్న ఎడిషనే, హోమ్ అయితే హోమే, ఎంచుకోండి. అదే మెషీన్‌లో డిజిటల్ లైసెన్స్‌తో (కీ టైప్ చేయక్కర్లేకుండా ఆ మెషీన్‌కే ముడిపడిన అనుమతి) ముందే యాక్టివేట్ అయి ఉంటే, నెట్ తగిలాక మామూలుగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది. పార్టిషన్ల (సీ, డీ లాంటి హార్డ్‌డిస్క్ భాగాలు) దగ్గర మాత్రం అస్సలు తొందరొద్దు, డీ డ్రైవ్‌లో పిల్లల ఫొటోలుంటే ఒక్క డిలీట్‌తో పోతాయి.

వైరస్ పట్టిన సిస్టమ్‌కైతే నేను పెన్‌డ్రైవే వాడతాను. ఊరికే స్లో అయిందంటే క్లౌడ్ రీసెట్ చాలు.