ఢిల్లీలో మారు వడ్డించే చోట్లు

సంక్రాంతి అయ్యాక ఐదుగురం కలిసి ఢిల్లీ వెళ్ళాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ మావాడు, మామయ్యగారు, అత్తయ్యగారు. ఎర్రకోట, కుతుబ్ మినార్ సంగతులు చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి పోను. అక్కడ అందరం కడుపు నిండా తిని, జేబు ఖాళీ కాకుండా ఎలా బయటపడ్డామో అదొక్కటే రాస్తాను, ఎందుకంటే ఆ నాలుగు రోజులూ మాకు నిజంగా టెన్షన్ పెట్టింది తిండే.

మామయ్యగారు గుంటూరు దగ్గర పల్లెలో నలభై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి. మొదటి రాత్రి కరోల్ బాగ్‌లో మా హోటల్ పక్కనే ఉన్న ఒక రెస్టారెంట్‌కి వెళ్ళి విడివిడిగా ఆర్డర్ ఇచ్చాం. ఒక పనీర్ కూర, ఒక దాల్, రోటీలు, రెండు ప్లేట్లు జీరా రైస్. చిన్న గిన్నెలో అదిమి బోర్లించిన అన్నం వచ్చింది. ఆయన దాన్ని కాసేపు చూసి, "అబ్బాయ్, ఇది రుచి చూడ్డానికా, తినడానికా?" అన్నారు. బిల్లు 1,700 దాటింది, రూముకెళ్ళాక అరటిపళ్ళు తిని పడుకున్నాం. ఇక ఆ రాత్రే ఒక నిర్ణయానికొచ్చాం, రోజుకి ఒక పూటైనా ఎంత కావాలంటే అంత పెట్టే చోట తినాలని.

హోటల్ గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. మెట్రోకి దగ్గర, గది శుభ్రంగానే ఉంది, గీజర్ పనిచేసింది (జనవరి ఢిల్లీలో అన్నిటికన్నా ముఖ్యం అదే). 'టిఫిన్ ఉచితం' అని చూసి తీసుకున్నాం గానీ, ఆ టిఫిన్ అంటే బ్రెడ్డు, చల్లారిపోయిన అటుకుల ఉప్మా, ఉడికించిన గుడ్లు. ఎనిమిదిన్నర దాటితే గుడ్లు కూడా ఉండవు. అడిగితే అక్కడి కుర్రాడు "ఖతమ్ హో గయా" అని నవ్వాడు. దాని కోసం గదికి రోజుకి మూడు వందలు ఎక్కువ కట్టామని మా ఆవిడ లెక్క తేల్చింది. మీరు వెళ్తే టిఫిన్ లేని రేటుకే గది తీసుకుని, ఆ డబ్బుతో బయట వేడివేడి పరాఠాలు తినండి.

రెండో రోజు ఆంధ్రా భవన్. తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేని చోటే, అయినా చెప్తాను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ అతిథి గృహం, అశోకా రోడ్డు ఒకటో నంబరు, ఇండియా గేట్ పక్కనే. బస గదులు అధికారులకీ ప్రజాప్రతినిధులకీ, వాళ్ళ ఉత్తరం ఉన్నవాళ్ళకీ గానీ మనకి అంత తేలిగ్గా దొరకవు, కానీ క్యాంటీన్ ఎవరైనా వెళ్ళొచ్చు. అక్కడికి చేరడమే ఒక కథ అయింది. గణతంత్ర దినోత్సవ పరేడ్ రిహార్సల్స్ వల్ల ఇండియా గేట్ చుట్టుపక్కల దారులు మూసేశారు, ఆటోవాడు చాలా దూరంలో దింపేసి వెళ్ళిపోయాడు. అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పితో మెల్లగా నడిచి వెళ్ళేసరికి ఒంటిగంట. జనవరి మూడో వారంలో వెళ్ళేవాళ్ళు ఆ రోజు ఏ దారులు మూస్తారో పొద్దున్నే చూసుకుని బయల్దేరండి, మాలాగా పడొద్దు. దారిలో హైదరాబాద్ హౌస్ చూపించాను మావాడికి, చివరి నిజాం కోసం బ్రిటిష్ ఆర్కిటెక్ట్ లుట్యెన్స్ గీసి కట్టించినది, 1928లో పూర్తయింది, ఇప్పుడు విదేశీ అతిథులతో ప్రధానమంత్రి చర్చలు జరిపేది అందులోనే. మావాడు "అక్కడ బిర్యానీ పెడతారా?" అన్నాడు.

క్యాంటీన్‌లో ముందు కౌంటర్ దగ్గర డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి. తర్వాత బయట నిలబడి నంబరు పిలిచేదాకా చూడాలి. మేం ముప్పావుగంట నిలబడ్డాం. ఐదుగురికీ ఒకే బల్ల కావాలంటే ఇంకా ఆలస్యం, విడిపోవడానికి సిద్ధపడితే త్వరగా దొరుకుతుంది, మేం ఇద్దరూ ముగ్గురూగా విడిపోయాం. నా ఎదురుగా ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు, చూస్తే పంజాబీలు, కందిపొడి నెయ్యి కలుపుకోవడం మనకన్నా బాగా తెలిసినవాళ్ళలా ఉన్నారు. పూరీలు, కూర, వేపుడు, పప్పు, సాంబారు, చారు, పెరుగు, అప్పడం, స్వీటు, బల్ల మీద కందిపొడి, పచ్చళ్ళు. మేం వెళ్ళినప్పుడు శాకాహార భోజనం మనిషికి రెండు వందల్లోపే. మటన్ ఫ్రై, చికెన్ లాంటివి విడిగా డబ్బు కట్టి తెప్పించుకోవాలి, వాటికి మారు ఉండదు.

నేను అసలు మెచ్చుకునేది ఐటమ్స్ సంఖ్యని కాదు. వడ్డించేవాళ్ళు బకెట్లు పట్టుకుని తిరుగుతూనే ఉంటారు, ప్లేటులో అన్నం తగ్గిందంటే "అన్నం వేయమంటారా?" అని వాళ్ళే అడుగుతారు. మనం చెయ్యెత్తి ఎవరి కంట్లోనో పడాలని చూడక్కర్లేదు. ఎంతైనా పెడతామని బోర్డు రాసుకున్న చోట్లలో సగం మంది మొదటిసారి ఘనంగా పెట్టి, మారు దగ్గర కనబడకుండా పోతారు. మామయ్యగారు పప్పుకి ఒకసారి, సాంబారుకి ఒకసారి, చారుకి ఒకసారి, పెరుగుకి ఒకసారి అన్నం పెట్టించుకున్నారు, నాలుగోసారి కూడా ఆ అబ్బాయి మొహంలో ఏ మార్పూ లేదు. లోపాలూ ఉన్నాయి. రద్దీ, రణగొణ, తినడం అయిపోగానే లేవాలి, వెనకాల ఎవరో మన కుర్చీ పట్టుకుని నిలబడే ఉంటారు. ఆ రోజు సాంబారు నాకు కాస్త పలచగా అనిపించింది. మా ఆవిడ మాత్రం గోంగూరకి పూర్తి మార్కులు వేసింది.

అదే అశోకా రోడ్డుకి రెండో కొసలో, గోల్ డాక్‌ఖానా దగ్గర బంగ్లా సాహిబ్ గురుద్వారా ఉంది. పటేల్ చౌక్ మెట్రో నుంచి నడిచే దూరం. మూడో రోజు వెళ్ళాం. దీన్ని ఊరికే దొరికే భోజనం లెక్కలో రాయడం నాకిష్టం లేదు, అది లంగర్, గుడిలో ప్రసాదం లాంటిది. సిక్కుల ఎనిమిదో గురువు హర్‌కిషన్ 1664లో బస చేసిన బంగళా అది, అప్పట్లో రాజా జైసింగ్‌ది. తలకి గుడ్డ కట్టుకోవాలి, చెప్పులు ఇచ్చేయాలి, కాళ్ళు కడుక్కుని లోపలికి. లోపల దర్శనం అయ్యాక పెద్ద హాల్లో నేల మీద పంక్తుల్లో కూర్చోబెట్టారు. రొట్టె ఇస్తుంటే రెండు చేతులూ చాపి అందుకోవాలి, మావాడు ఒక చెయ్యి చాపితే పక్కాయన నవ్వుతూ రెండో చెయ్యి పట్టి కలిపాడు. పప్పు, కూర, రొట్టె, ఆ రోజు ఖీర్ కూడా. ఎన్నిసార్లైనా వేస్తారు, కానీ వదిలేయకూడదు. అత్తయ్యగారికి కింద కూర్చోవడం కష్టమైంది, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ముందే వాలంటీర్లకి చెప్పి ఏం వీలుందో అడిగితే మంచిది, మాకు ఆ సంగతి తట్టలేదు. మామయ్యగారు "డబ్బెక్కడ కట్టాలి?" అని రెండుసార్లు అడిగారు. కట్టక్కర్లేదంటే ఆయనకి మనసొప్పలేదు, హుండీలో వేసి, తర్వాత కాసేపు పళ్ళేలు కడిగేచోట నిలబడి వచ్చారు. చలికి నీళ్ళలో చేతులు పెట్టొద్దని అత్తయ్యగారు గోల.

ఆ రాత్రి కరోల్ బాగ్‌లోనే సురుచి అనే చోటికి వెళ్ళాం, గుజరాతీ, రాజస్థానీ థాలీ. ఆంధ్రా భవన్ ధరకి రెట్టింపు దాటింది గానీ కుర్చీలు మెత్తగా ఉన్నాయి, తొందరపెట్టేవాళ్ళు లేరు. పెద్ద స్టీలు పళ్ళెం, చుట్టూ చిన్న గిన్నెలు, ఒకడు ఢోక్లా, ఒకడు కూరలు, ఒకడు వేడి పుల్కాలు, నెయ్యి రాసి రాసి వేస్తున్నారు. మారు విషయంలో వీళ్ళకీ పేరు పెట్టడానికి లేదు. చిక్కల్లా మనదే. గుజరాతీ పప్పులో బెల్లం వేస్తారని నాకు తెలుసు, మామయ్యగారికి తెలియదు. మొదటి ముద్దకే ఆగిపోయి, "పప్పులో పంచదార పడినట్టుంది, పాపం చూసుకోలేదు," అన్నారు. అన్నం కూడా చివర్లో, అడిగితే కాస్త వస్తుంది, అక్కడి భోజనమంతా రొట్టెల చుట్టూనే. మావాడికీ మా ఆవిడకీ మాత్రం బాగా నచ్చింది, మజ్జిగ మూడేసి గ్లాసులు తాగారు. అన్నం లేకపోతే తిన్నట్టుండని పెద్దవాళ్ళు వెంట ఉంటే ఇక్కడికి రెండోసారి వెళ్ళక్కర్లేదు, పిల్లలుంటే ఒకసారి వెళ్ళొచ్చు.

ఇక మేం మోసపోయిన చోటు. పేరు రాయను, ఒక మాల్‌లో బఫే. బయట బోర్డు మీద మనిషికి 799 అని ఉంది. లోపల కూర్చున్నాక శనివారం కాబట్టి 899 అన్నారు. మావాడికి 499. మామూలు నీళ్ళు అడిగితే మూడు సీసాలు తెచ్చి మూతలు తీసి పెట్టేశాడు, ఒక్కోటి 60. ముందు స్టార్టర్స్ అని మొక్కజొన్న, బంగాళాదుంప, బ్రెడ్డు, సూపు ఒకదాని వెంట ఒకటి తెచ్చి కుక్కారు, చికెన్ ముక్కలు మాత్రం అడిగిన పావుగంటకి నాలుగు వచ్చాయి. అప్పటికే కడుపు నిండిపోయింది, బిర్యానీ దగ్గరికి వెళ్ళే ఓపిక ఎవరికీ లేదు. అత్తయ్యగారికి పెరుగన్నం కావాలి, అక్కడున్నది తియ్యటి రైతా.

బిల్లు చూస్తే 4,275, దాని మీద సర్వీస్ ఛార్జ్ పది శాతం, ఆ మొత్తం మీద జీఎస్టీ, కలిపి దాదాపు 4,940. ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్తాను. సర్వీస్ ఛార్జ్ బిల్లులో దానంతటదే కలిపేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. జీఎస్టీ మాత్రం తప్పదు, మామూలు రెస్టారెంట్లలో అది 5 శాతం. మేనేజర్‌ని పిలిచి మర్యాదగానే తీసేయమన్నాను, "సర్, అది స్టాఫ్ కోసం" అన్నాడు, స్టాఫ్‌కి నేనే చేతికిస్తానన్నాను, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయమంటారా అని ఫోన్ తీసేసరికి కొత్త బిల్లు వచ్చింది, 4,489. మా ఆవిడకి ఆ పది నిమిషాలూ తల కొట్టేసినట్టైంది, బయటికొచ్చాక ఆ 450తో మావాడికి చలి టోపీ కొని శాంతించింది.

అంటే బఫేలన్నీ దండగనడం లేదు. మాంసాహారం బాగా తినే కుర్రాళ్ళు నలుగురు వెళ్తే గిట్టుబాటే, అదీ మామూలు రోజు మధ్యాహ్నం వెళ్తే. ఇలాంటి చోట్ల శనాదివారాల రాత్రుల రేటు ఎప్పుడూ ఎక్కువే. మాలాగా ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక పిల్లాడు ఉన్న గుంపుకి మాత్రం వడ్డించే భోజనమే నయం. వృద్ధులు పళ్ళెం పట్టుకుని వరసలో తిరగలేరు, పిల్లాడు తినేది ఐస్‌క్రీమ్, మనం కట్టేది అందరికీ.

మర్నాడు ఆదివారం. రైలు సాయంత్రం. ఆంధ్రా భవన్‌లో ఆదివారాలు బిర్యానీ ఉంటుంది, ఆ రోజు జనం మామూలు కాదు. ఈసారి బుద్ధొచ్చి పదకొండున్నరకే వెళ్ళి టోకెన్ తీసుకున్నాం, అప్పటికే మా ముందు వంద మంది దాకా ఉన్నారు, సగం మంది తెలుగువాళ్ళు కూడా కాదు. నేనూ మావాడూ బిర్యానీ, మిగతా ముగ్గురూ మామూలు భోజనం. బిర్యానీ కారంగా బాగుంది, కానీ ఎంత కావాలంటే అంత పెట్టేది భోజనమే, బిర్యానీకి ఆ లెక్క లేదు, అది తెలియక మావాడు రెండోసారి ప్లేటు చాపి ఖంగుతిన్నాడు. పక్కనే మామయ్యగారు చారన్నంలోకి వచ్చేశారు. మటన్ ఫ్రైకి డబ్బు కడదామని నేను మళ్ళీ కౌంటర్ దగ్గరికి వెళ్ళేసరికి అయిపోయింది.