కృష్ణజింకల మేత పొలానికి దుక్కి: అస్కా వైపు ట్రాక్టర్ బాడుగ ఎలా ఉంది

ఒడిశా గంజాం జిల్లాలోని భేట్నొయి చుట్టుపక్కల కృష్ణజింకలు పొలాల్లోనే తిరుగుతాయి. ఊరివాళ్లు తరమరు, అవి వస్తే ఊరికి మంచిదని వారి నమ్మకం. ఆ వైపు మాకున్న ఎకరం ఎర్రనేలను వాటి మేతకే వదలాలనుకుని, దుక్కికి అస్కా దగ్గర ట్రాక్టర్లు బాడుగకు ఇచ్చే ఒకరిని పిలిచాం. బరంపురంలో ఉంటూ పొలం పనులు చేయించుకునేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు మెచ్చుకోవలసింది డ్రైవరును. వాన వెలిసిన మర్నాడే వచ్చాడు గానీ ట్రాక్టర్ చేలో దింపలేదు. జానెడు లోతు నుంచి మట్టి తీసి, పిడికిట బిగించి, ముద్దను బొటనవేలితో నొక్కాడు. అది విరగకుండా సాగింది. "ఇంకా పదును రాలేదమ్మా, ఇప్పుడు దున్నితే బెడ్డలు లేస్తాయి" అని వెళ్లిపోయాడు. గంటల లెక్కన డబ్బు తీసుకునే పనిలో అలా చెప్పేవారు ఎందరు? మళ్లీ వచ్చిన రోజు ముద్ద నొక్కగానే పొడిగా రాలింది. అప్పుడు వాలుకు అడ్డంగా కల్టివేటర్ (ట్రాక్టరుకు తగిలించే పళ్ల నాగలి) తోలాడు. గట్టు మీది గడ్డి జోలికి పోలేదు.

నచ్చనిది రోటావేటర్ (గిరగిర తిరిగే కత్తులతో మట్టిని చిదిపే పరికరం) పని. ఒక్కసారి చాలన్నా యజమాని ఫోను చేసి రెండోసారి తిప్పించాడు. మన్ను పిండి పిండి అయింది. ఎర్రనేల అంత మెత్తబడితే ఒక్క జల్లుకే పైన గట్టి పొర కడుతుంది, పెసర మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. సగం పొలంలో మళ్లీ విత్తవలసి వచ్చింది. గంటకు 1,200 రూపాయల చొప్పున ఆ అక్కరలేని పనికీ వసూలు చేశారు. మీరు పిలిస్తే ఈ సంగతి ముందే తేల్చుకోండి.

ట్రాక్టర్ కంటే ముందు మట్టి పరీక్ష చేయించాలి. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్పలు వదిలి పది పదిహేను చోట్ల 15 సెంటీమీటర్ల గుంట తీసి, దాని పక్క నుంచి పైనుంచి కిందికి మట్టి గీకాలి. అంతా కలిపి నీడన ఆరబెట్టి అరకిలో ఇస్తే చాలు. మా మట్టి పీహెచ్ (ఆమ్లతను చెప్పే కొలత, 7 కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం) 5.4 వచ్చింది. పప్పుజాతి వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియాకు అంత ఆమ్లత పడదు. అందుకే విత్తడానికి నాలుగు వారాల ముందే సున్నం చల్లి, మొదటి దుక్కిలో కలిసిపోయేలా చూశాం.

ఈ ట్రాక్టర్ల వాళ్లు జొన్న విత్తనాలు కూడా అమ్మజూపుతారు. కృష్ణజింకలకు అవి వద్దు. ఆరుబయట, దూరం వరకు చూపు ఆనే చోటే అవి నిశ్చింతగా మేస్తాయి. వాటికి పరుగే రక్షణ. నడుమెత్తు పైరు వాటికి అడ్డమే. పెసర, ఉలవ చాలు. పురుగుమందు పట్టించిన రంగు విత్తనాలు మాత్రం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి, రైజోబియం (పైన చెప్పిన వేళ్ల బుడిపెల బ్యాక్టీరియా) పట్టించినవి చల్లండి.

వరి కోతలు మొదలైతే వీళ్ల ట్రాక్టర్లు దొరకవు. దానికి ముందే మాట్లాడుకుని, మా పొలానికి వచ్చిన డ్రైవరునే పంపమని అడగండి.