ఒక్కరోజులో ఇంగ్లండ్ సముద్రం: బ్రైటన్, మార్గేట్, సౌత్ఎండ్‌లలో ఏది మేలు?

లండన్‌లో ఎమ్మెస్సీ చదవడానికి వచ్చిన తెలుగు విద్యార్థికి తరగతులు, అసైన్‌మెంట్లు, టర్మ్ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు మించకూడని పార్ట్‌టైమ్ పని పోగా, పూర్తిగా చేతికి చిక్కే రోజు నెలకు ఒకటో రెండో ఉంటుంది. ఆ ఒక్క రోజులో పొద్దున్నే బయలుదేరి సముద్రం చూసి రాత్రికి గదికి చేరాలనుకునేవారి ముందుకు సాధారణంగా మూడు పేర్లు వస్తాయి: దక్షిణాన బ్రైటన్, కెంట్ తీరంలో మార్గేట్, థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట సౌత్ఎండ్. ఫోటోల్లో మూడూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి చాలామంది పేరున్న ఊరనో, స్నేహితులు వెళ్లొచ్చారనో బ్రైటన్‌కు టికెట్టు కొనేస్తారు. ఆ ఎంపిక తప్పు కాదు గాని, దానికి కారణం మాత్రం వేరే ఉండాలి.

ముందు తీరం సంగతి. విశాఖలోనో సూర్యలంకలోనో ఇసుకలో ఆడుకుని పెరిగినవారికి బ్రైటన్ తీరం మొదటి చూపులోనే ఆశాభంగం కలిగిస్తుంది, ఎందుకంటే అక్కడ ఇసుక లేదు; కిలోమీటర్ల పొడవునా గులకరాళ్లే. చెప్పులు విప్పి నాలుగడుగులు వేస్తే చాలు, మళ్లీ తొడుక్కోవాలనిపిస్తుంది. పైగా ఆ రాళ్ల వాలు ఏటవాలుగా ఉండి, నీళ్లలోకి కొద్ది అడుగులు వేసేసరికే లోతు వస్తుంది. మార్గేట్‌లో మాత్రం మనవాళ్లు బీచ్ అనగానే ఊహించుకునే మెత్తని, వెడల్పైన ఇసుక ఉంది, అదీ స్టేషన్‌నుంచి కొద్ది నిమిషాల నడకలోనే. ఇక సౌత్ఎండ్‌లో నీరు ఉందా లేదా అన్నది మీరు వెళ్లిన గంటను బట్టి ఉంటుంది.

ఈ చివరి మాట హాస్యానికి అన్నది కాదు. ఇంగ్లండ్ తీరాల్లో ఆటుపోట్ల తేడా మన తూర్పు తీరంతో పోలిస్తే చాలా ఎక్కువ, అందులోనూ థేమ్స్ ముఖద్వారంలో తీరం దాదాపు బల్లపరుపుగా ఉండటం వల్ల ఆటు సమయంలో సౌత్ఎండ్ దగ్గర నీరు మైలు దూరం వెనక్కి పోయి, కంటి మేర బురద మిగులుతుంది. పూర్వం పడవలు ఒడ్డుకు రాలేకపోవడం వల్లే అక్కడి పియర్‌ను, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన వంతెన లాంటి కట్టడాన్ని, నీరు దొరికే చోటిదాకా సాగదీస్తూ పోయారు. 2 కిలోమీటర్లు దాటిన ఆ కట్టడం ఈనాడు ప్రపంచంలో అతి పొడవైన విహార పియర్, దానిమీద నడవలేనివారి కోసం చిన్న రైలు కూడా ఉంది. మార్గేట్‌లోనూ ఆటు వేళ నీరు బాగా వెనక్కి పోతుంది, అయితే అక్కడ మిగిలేది ఇసుక కాబట్టి నడవడానికి అదే అనువు. వాతావరణం చూసుకుని బయలుదేరే మనవాళ్లు ఆటుపోట్ల పట్టిక చూసుకోరు. సౌత్ఎండ్ విషయంలో వానకంటే ఆ పట్టికే ముఖ్యం.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బ్రైటన్‌కు విక్టోరియా నుంచి గానీ లండన్ బ్రిడ్జ్ నుంచి గానీ సుమారు గంట, సౌత్ఎండ్‌కు ఫెన్‌చర్చ్ స్ట్రీట్ నుంచి ఇంచుమించు అంతే, మార్గేట్‌కు సెయింట్ పాంక్రాస్ నుంచి వేగంగా పోయే రైలులో గంటన్నర. ఏటా 35 పౌండ్లు పెట్టి 16-25 రైల్‌కార్డు తీసుకుంటే ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. ఇరవయ్యారు దాటాయని దీన్ని వదులుకునేవారు చాలామంది, కాని పూర్తికాల విద్యార్థి అయితే ఆ వయసు దాటినా ఈ కార్డు దొరుకుతుంది. జూలై, ఆగస్టు తప్ప మిగతా నెలల్లో సోమవారం నుంచి శుక్రవారం వరకు పొద్దున పదికి ముందు ప్రయాణిస్తే టికెట్టు ధర ఒక కనీస మొత్తానికి తగ్గకూడదన్న నిబంధన వల్ల ఈ తగ్గింపు అంతగా కలిసిరాకపోవచ్చు. ఆదివారాల్లో పట్టాల మరమ్మతులు పెట్టుకుని రైలు బదులు బస్సు నడపడం ఇక్కడ మామూలే కాబట్టి, శనివారం దొరికితే అదే మంచిది.

ఊరిలో చూడదగినవాటి విషయానికొస్తే, భారతీయ విద్యార్థికి బ్రైటన్‌తో పోటీపడగల ఊరు మిగతా రెండింటిలో లేదు. యువరాజుగా ఉన్నప్పటి నాలుగో జార్జ్ కోసం వాస్తుశిల్పి జాన్ నాష్ 1815 నుంచి 1822 వరకు మలచిన రాయల్ పెవిలియన్ గుమ్మటాలు, మినార్లతో ఏ నవాబు మహలో అనిపిస్తుంది, భారతదేశాన్ని చూడనివాళ్లు ఊహించుకున్న భారతదేశం అది. వింత ఏమిటంటే, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడిన మన సైనికులను 1914 చివర తీసుకొచ్చి చికిత్స చేసింది ఆ భవనంలోనే. మతాలకూ కులాలకూ వేర్వేరుగా వంటశాలలు పెట్టి, హిందువులకూ ముస్లింలకూ వేరు కుళాయిలు ఏర్పాటు చేశారు. చనిపోయిన హిందూ, సిక్కు సైనికుల్లో 53 మందిని ఊరి బయట పాచమ్ దగ్గరి కొండల మీద దహనం చేశారు. ఆ చోటనే 1921లో ఛత్రి అనే తెల్ల పాలరాతి స్మారకం వెలిసింది. పెవిలియన్ దక్షిణ ద్వారం కూడా అదే సంవత్సరం భారతీయుల కానుకగా ఆవిష్కరించినదే. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఈ ఊళ్లోనే స్నానశాల నడిపి, మర్దన అనే అర్థమున్న ‘చాంపీ’ని ‘షాంపూ’గా ఇంగ్లిషువాళ్లకు అలవాటు చేసి, ఇక్కడే సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో సమాధి అయ్యాడు. పెవిలియన్‌కు టికెట్టు కొనాలి, ఛత్రికి ఖర్చు లేదు గాని బస్సు దిగాక గొర్రెలు మేసే పచ్చిక మీదుగా ఎత్తు ఎక్కాలి, అందుకు పూట పడుతుందని లెక్క వేసుకోవాలి.

మార్గేట్ బలం వేరు. 2011లో తెరిచిన టర్నర్ కాంటెంపరరీ చిత్రశాలలో ప్రవేశం ఉచితం. చిత్రకారుడు టర్నర్ ఈ ఊళ్లో చిన్నప్పుడు చదువుకున్నాడు, తర్వాత ఇక్కడి ఆకాశాన్ని చూడటానికే మళ్లీ మళ్లీ వచ్చాడు. కోస్తాలో పెరిగినవాళ్లకు ఆ ఆకాశంలో ఒక కొత్తదనం ఉంది: మనం సూర్యుడు సముద్రంలోంచి లేవడమే చూశాం, మార్గేట్ ఇసుక వాయవ్యానికి తిరిగి ఉండటం వల్ల వేసవిలో అదే సూర్యుడు నీళ్లలోకి దిగడం కనిపిస్తుంది. జూన్‌లో అది రాత్రి తొమ్మిది దాటాక గాని జరగదు కాబట్టి తిరుగు రైలు వేళ ముందే చూసిపెట్టుకోవాలి. అదే డిసెంబరులో వెళ్తే నాలుగింటికే చీకటి పడి, చలిగాలికి ఇసుక మీద నిలబడలేం.

తిండి దగ్గర శాకాహారులకు బ్రైటన్ నిశ్చింత. తీరప్రాంతపు ఫిష్ అండ్ చిప్స్ దుకాణాల్లో కొన్ని గొడ్డు కొవ్వులో వేపుతాయి, అందువల్ల ఉత్త చిప్స్ కొనేవారు కూడా అడిగి తెలుసుకోవడం అవసరం. పులిహోర కట్టుకుపోయేవారు మూడు ఊళ్లలోనూ సీగల్ పక్షులకు వెన్ను చూపకూడదు. చేతిలోని పొట్లం లాక్కుపోవడంలో అవి మన గుళ్ల దగ్గరి కోతులకు తీసిపోవు.

కాబట్టి ఈ దేశంలో ఉన్నన్నాళ్లూ ఒకే ఒక్క ప్రయాణం వీలయ్యేవారు, ముఖ్యంగా అక్టోబరు నుంచి మార్చి మధ్య వెళ్లేవారు బ్రైటన్‌కే వెళ్లాలి, అదీ పెవిలియన్‌నూ ఛత్రినీ చూడటానికి. గులకరాళ్ల తీరం దానికి కొసరు. మే తర్వాత, సముద్రమే కావాలనుకుంటే నా ఓటు మార్గేట్‌కు. కాన్వొకేషన్‌కు వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు కూడా అదే నయం, ఎందుకంటే బ్రైటన్‌లో స్టేషన్ నుంచి తీరానికి దిగడం సులువే గాని సాయంత్రం తిరిగి వచ్చేదంతా ఎత్తు. సౌత్ఎండ్‌ను నేను మూడో స్థానంలోనే పెడతాను, అయితే పోటు మధ్యాహ్నం ఉన్న రోజు చూసుకుని వెళ్లి, పియర్ చివరిదాకా నడిచి, వచ్చేటప్పుడు ఆ చిన్న రైలెక్కితే ఆ పూటకు పెట్టిన డబ్బుకు లోటు ఉండదు.