పారిస్-బ్రెస్ట్-పారిస్: ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి, ఎందుకు వెళ్లాలి

పారిస్-బ్రెస్ట్-పారిస్ అంటే ఫ్రాన్స్‌లో పారిస్ దగ్గర నుంచి బ్రెస్ట్ ఊరి దాకా వెళ్లి తిరిగొచ్చే సైకిల్ రైడ్. 1891లో రేసుగా మొదలైనా, ఇందులో ఇప్పుడు ర్యాంకుల్లేవు. సుమారు 1,200 కిలోమీటర్లు తొక్కి గడువులోపు తిరిగొస్తే చాలు. నాలుగేళ్లకోసారి జరుగుతుంది. నేను 2023 ఆగస్టులో వెళ్లాను. ఆరువేల మందికి పైగా వచ్చారు.

బస సంగతి ముందు చెబుతాను. స్టార్ట్ రాంబుయేలో. చిన్న ఊరు, హోటళ్లు తక్కువ, చాలా ముందే నిండిపోతాయి. అక్కడ దొరక్కపోతే వెర్సాయ్ వైపు చూడండి, రైలు సౌకర్యం ఉంది. ఖర్చు కాస్త ఎక్కువైనా ఫినిష్ అయిన రాత్రికి కూడా గది ఉంచుకోండి. ఆ స్థితిలో బ్యాగులు మోస్తూ రైలెక్కడం నరకం.

స్టార్ట్ టైమ్ మనమే ఎంచుకోవచ్చు. ఎక్కువమంది 90 గంటల గడువుతో ఆదివారం సాయంత్రం బయల్దేరతారు. అంటే మొదటి రాత్రి నిద్ర అప్పుడే పోయినట్టే. సోమవారం తెల్లవారుజామున బయల్దేరేవాళ్లకు 84 గంటలే, కానీ రాత్రి నిద్రపోయి మొదలుపెట్టొచ్చు. గంటకు ఇరవైకి పైన నిలకడగా తొక్కగలిగితే నా ఓటు దీనికే.

మన బ్రెవెల్లో, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్లలో, కంట్రోల్ (దారిలో మనం వచ్చినట్టు రుజువు తీసుకోవాల్సిన చోటు) అంటే విజయవాడ హైవే మీద పెట్రోల్ బంకు రసీదో, ఏటీఎం స్లిప్పో. ధాబావాళ్లు జాలిపడి ఇస్తే నులకమంచం మీద అరగంట కునుకు. అక్కడ కంట్రోల్ అంటే బడి మొత్తం మనకోసం తెరిచి పెట్టినట్టే: స్టాంపు, క్యాంటీన్, మెకానిక్, పడుకోవడానికి హాలు. కొన్ని యూరోలిచ్చి ఎన్నింటికి లేపాలో చెబితే వాలంటీర్ టార్చితో తీసుకెళ్లి మంచం చూపిస్తారు, ఆ టైముకి వచ్చి భుజం తట్టి లేపుతారు. దారిలో ఉన్న లుడెయాక్ ఊరి కంట్రోల్‌లో పడుకోవాలని అందరూ ప్లాన్ వేసుకుంటారు కాబట్టి అక్కడ రద్దీ తప్పదు. ఇంకాస్త ఓపిక ఉంటే దాని తర్వాత వచ్చే కారే ఊరి దాకా వెళ్లండి.

శాకాహారులకు పాస్తా, బంగాళదుంప ముద్ద, ఆమ్లెట్ తినేవాళ్లైతే అది. నన్ను నిలబెట్టింది పాలల్లో ఉడికించిన తియ్యటి అన్నం, అచ్చం మన పరమాన్నంలా ఉంటుంది. ఒక కంట్రోల్‌లో మాత్రం భోజనం క్యూలోనే గంట దాకా పోయింది, చాలా టెన్షన్ పడ్డాను. అందుకే ఊళ్లలో బేకరీ కనిపించినప్పుడే తినేసి, కంట్రోల్‌లో స్టాంపు వేయించుకుని కదలడం మేలు.

దారి ఎక్కడా చదును కాదు. ఎక్కడం మొత్తం 11,000 మీటర్లకు పైనే. బ్రెస్ట్‌కు ముందు రోక్ ట్రెవెజెల్ అనే కొండ ఎక్కుడు నిటారుగా ఉండదు గానీ అంత తొందరగా తరగదు. తెల్లవారుజామున చలి కొరికేస్తుంది, జాకెట్ బరువని వదిలేయకండి.

ఇంత బాధ ఎందుకని ఇంట్లో అడుగుతారు. మన హైవే మీద రాత్రిపూట సైకిల్ తొక్కుతుంటే లారీ డ్రైవర్లు వింతగా చూస్తారు. అక్కడ అర్ధరాత్రి పిల్లలు రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొడతారు. ఇంటి ముందు బల్ల వేసి కాఫీ, నీళ్లు, కేకులు పెడతారు. డబ్బులిస్తే తీసుకోరు, మీ ఊరి నుంచి ఒక పోస్టుకార్డు పంపమంటారు. దారిలోని విలేన్-లా-జుయెల్ ఊళ్లో అయితే ఊరంతా జాతరే. ఉద్యోగం, ఈఎంఐలు ఏవీ గుర్తుకురావు, తర్వాతి స్టాంపు ఒక్కటే. మన మొండిపట్టుకు ముక్కూమొహం తెలియనివాళ్లు ఇంత గౌరవం ఇవ్వడం నేను ఇంకెక్కడా చూడలేదు. మళ్లీ వెళ్లాలనిపించేది దానికోసమే.

2027లో వెళ్లాలనుకుంటే ఆ ఏడాదే 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవెలు నాలుగూ పూర్తిచేయాలి. ముందు ఏడాది ఎంత పొడవైన బ్రెవె పూర్తిచేస్తే రిజిస్ట్రేషన్ అంత ముందుగా దొరుకుతుంది. కాబట్టి 2026లోనే కనీసం ఒక 600 ముగించుకోండి.